సైదులు ఆటలో నేను చంపిన ఒక్కడు

పదకొండేళ్లుగా ఒక ముసలివాణ్ణి మోస్తున్నాను. అతనికి పేరు లేదు. ఊపిరి లేదు. కంప్యూటర్ తెర మీద వేలెడంత బొమ్మ. అంతే. అంతే కదా అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. చెప్పుకున్న ప్రతిసారీ బరువు కాస్త పెరిగిందే తప్ప తగ్గలేదు.

ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు ధైర్యం. నా పేరు రాయను. నాకు బావ అయ్యే మనిషి పేరు మాత్రం సైదులు అని రాస్తాను. మా దిక్కు దర్గాకు మొక్కుకుంటే పుట్టిన పిల్లలకు ఆ పేరే పెడతారు. హుజూర్‌నగర్ బస్టాండులో నిలబడి సైదులూ అని కేకేస్తే కనీసం ఏడుగురు వెనక్కి తిరుగుతారు. కాబట్టి వాడెవరో మీకు దొరకడు, నేనూ దొరకను. చూశారా, ఒప్పుకుందామని కూర్చుని ముందుగా దాక్కునే చోటు వెతుక్కున్నాను. నా తీరే అంత.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో పనిచేస్తాను. వచ్చిన ధాన్యంలో తేమ ఎంతుందో చూసి, ఇది పనికొస్తుంది, ఇది ఇంకా ఆరాలి అని చెప్పడం నా పని. రైతులు నా మొహం వంకా, చేతిలోని మీటరు వంకా మార్చి మార్చి చూస్తారు. అంటే తీర్పు చెప్పేవాణ్ణి. ఇవాళ మాత్రం అదే ఊళ్లో ఒక ఆసుపత్రి వరండాలో కూర్చుని, మిల్లు కాగితాల వెనకవైపు ఇది రాస్తున్నాను. లోపల మా చెల్లెలు ఉంది. సైదులు భార్య. రెండో కాన్పు. బీపీ బాగా పెరిగిందని, రేపు పొద్దున ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తామని అన్నారు. ఏం భయం లేదు కదమ్మా అని అడిగాను. డాక్టరమ్మ, చూద్దాం అంది.

చెల్లెలి కాన్పుకూ, తెర మీది ముసలివాడికీ ఏమిటి సంబంధం? ఏమీ లేదు. లేదని మీరు అంటారు, నేనూ అంటాను. అయినా భయం వేస్తోంది. వరసగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మేం కోదాడలో ఇంజనీరింగ్ చదివే రోజులు. సైదులుదీ నాదీ ఒకే గది. ఒకే ఊరు, వరసకు బావ. రెండు ఇళ్లూ గొర్రెలు కాచిన ఇళ్లే. మా నాన్న మంద తీసేసి వరి పొలంలో పడ్డాడు. వాళ్ల నాన్న, నాకు మామ, మందను వదల్లేదు. గదిలో ఒక పాత కంప్యూటర్ ఉండేది. దానిలో ఒక ఆట ఉండేది. పేరు అనవసరం.

తగలబడుతున్న పట్నం. ఒక మనిషి ఆ పట్నం దాటి ఏటి ఒడ్డుకు చేరాలి. ఒడ్డున పడవ ఉంటుంది. దారి పొడుగునా కాపలావాళ్లు. మొదటి గదిలోనే ఆట మన చేతిలో కత్తి పెడుతుంది. చంపమని ఎక్కడా చెప్పదు. చంపొద్దనీ చెప్పదు. గోడల చాటున, ఇళ్ల కప్పుల మీదుగా, కాపలావాడు అటు తిరిగినప్పుడు ఇటు జారుకుంటూ, ఎవరినీ ముట్టకుండా కూడా పోవచ్చు. కానీ అలా పోవడం మహా విసుగు. ఒక సందు దాటడానికి గంట పడుతుంది. కత్తి అలా కాదు. దాన్ని తిప్పడం ఎంత బాగా పెట్టారంటే, ఆ చప్పుడూ, ఆ ఊపూ, మీట నొక్కగానే ఎదుటివాడు ఒరిగిపోవడమూ ఒకసారి చేతికి అలవాటైతే ఇక గోడల చాటు ఎవడికి కావాలి?

నేను అందరినీ నరుక్కుంటూ పోయాను. ఆట ఏమీ అనలేదు. మెల్లగా మారింది, అంతే. రెండో వీధిలో కుక్కలు నన్ను చూసి మొరగడం మాని తోకలు ముడిచాయి. మూడో వీధిలో ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులేసుకున్నారు. నేను దాన్నీ గొప్పగానే తీసుకున్నాను. చివరికి ఒడ్డుకు చేరితే పడవవాడు చేతులు చూపించమన్నాడు. చూపించాను. అప్పుడు మొదలుపెట్టాడు. నేను చంపిన ఒక్కొక్కడి గురించీ చెప్పాడు. వీడికి పెళ్లి కుదిరింది. వీడు జ్వరంతో ఉన్న అన్న బదులు కాపలాకు వచ్చాడు. వీడికి చీకటంటే భయం. ఎంతసేపు చెప్పాడో! దాటేద్దామంటే ఏ మీటా పనిచేయలేదు. అంతా అయ్యాక, ఈ పడవ నిన్ను మోయదు అని తెడ్డు వేసుకుంటూ వెళ్లిపోయాడు.

నవ్వాను. నవ్వాక కోపం వచ్చింది. తిట్టడానికే అయితే కత్తి ఎందుకిచ్చారు? కల్లు వాళ్లే పోసి, తాగాక తాగుబోతు అన్నట్టుంది. అంత సరదాగా పెట్టింది ఎవరు? దాక్కునే దారిని అంత చప్పగా పెట్టింది ఎవరు? ఈ మాటలు ఇప్పటికీ తప్పని నేను అనుకోను. ఆటకు నన్ను అడిగే హక్కు లేదు. కానీ అప్పుడు నాకు మండింది న్యాయం కోసం కాదు. ఒక బొమ్మ నన్ను వద్దంది, అందుకు. సైదులు మంచం మీద వెల్లకిలా పడుకుని నా గోల అంతా విని, ఒక్క మాటన్నాడు.

"మన ఇంట్ల గూడ కత్తి ఉంటది గద బావా. గొర్రెను గోస్తం. ఉన్నది గదా అని ఎదురొచ్చినోన్నల్ల గోస్తమా?"

వాణ్ణి పూజారీ అని ఎగతాళి చేశాను.

ఆ తర్వాత కొన్నాళ్లకే మామ మందను హైవే దాటిస్తుండగా లారీ తగిలింది. గొర్రెలన్నీ దాటాయట. చివరన ఆయన. సూర్యాపేటలో ఆసుపత్రిలో వేశారు. కళ్లు తెరవలేదు. సైదులూ, వాళ్ల అన్నా వంతులేసుకున్నారు. సైదులు ఒక రోజు సూర్యాపేటలో, ఒక రోజు కోదాడలో. ల్యాబ్ పరీక్షలు తప్పితే సంవత్సరం పోతుందని వాళ్లమ్మే పంపేది.

అప్పుడు వాడు మొక్కుకున్నాడు. నాన్న లేచి కూర్చుంటే దర్గా దగ్గర గొర్రెను కోసి నలుగురికీ వండిపెడతానని. దాన్ని మేం కందూరు అంటాం, అందులో వింతేమీ లేదు, మా ఊళ్లో అందరూ మొక్కేదే. వాడు దానికి ఇంకోటి కలిపాడు. ఆ కందూరు గొర్రె దాకా తన చేతుల మీద ఏ ప్రాణమూ పోకూడదని. మాంసం మానేశాడు. చీమల్ని పక్కకు ఊదేవాడు. దోమ వాలితే చెయ్యి విదిలించేవాడు, కొట్టేవాడు కాదు. కోదాడ దోమలన్నిటికీ నీ మొక్కు సంగతి తెలిసిపోయింది, చుట్టాల్ని కూడా పిలుచుకొస్తున్నాయి అని నేను నవ్వితే వాడూ నవ్వేవాడు.

ఆటను కూడా అదే మొక్కులో కట్టాడు. ఇక్కడే మీకు పిచ్చి అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఆట మానేయొచ్చు కదా అన్నాను. మానితే ఏం గొప్ప, చేతిలో కత్తి ఉండి కూడా చంపకుండా అవతలి ఒడ్డు చేరితే కదా మొక్కు నిలిచినట్టు అన్నాడు. సూర్యాపేట నుంచి వచ్చిన రోజు స్నానం చేసి, తల కూడా తుడుచుకోకుండా కూర్చునేవాడు. ఒక్కో సందు, ఒక్కో గోడ. కాపలావాడు దగ్గరికొస్తే వాడి ఊపిరి ఆగిపోయేది, వెనకున్న నాకు వినిపించేది. ఆ తెరలోపల తగలబడుతున్న పట్నంలో వాడు మోసుకుపోతున్నది వాళ్ల నాన్ననే అని నాకు అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఇప్పుడు అసలు సంగతి.

ఒకరోజు మధ్యాహ్నం వాడు సూర్యాపేటలో ఉన్నాడు. నేను గదిలో ఒక్కణ్ణే. వాడు ఎంతవరకు వచ్చాడో చూద్దామని ఆట తెరిచాను. వాడు వంతెన దగ్గర ఆపాడు. వంతెన దాటితే ఇంకో రెండు వీధులు, ఆ తర్వాత ఏరు. వంతెన మీద లాంతరు పట్టుకుని ఒక ముసలి కాపలావాడు. ఊరికే రెండడుగులు వేసి చూద్దామనుకున్నాను. అతను చటుక్కున నా వైపు తిరిగాడు. కంగారులో వేలు మీట మీద పడింది. పడిపోయాడు.

కాదు. ఇది అబద్ధం. పదకొండేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్న అబద్ధాన్నే ఇక్కడా రాశాను. కొట్టేద్దామనుకున్నాను, కానీ ఉండనివ్వండి, నేను ఎలాంటివాణ్ణో మీకు తెలుస్తుంది.

అతను తిరగలేదు. నన్ను చూడనే లేదు. లాంతరు కింద పెట్టి, వంతెన గోడ మీద కూర్చుని, మూట విప్పి రొట్టె తింటున్నాడు. అతని వెనక నుంచి దాటిపోవడానికి కావలసినంత దారి ఉంది. నేను దాటాను కూడా. దాటి, ఆగి, వెనక్కి వచ్చాను. అతని వెనక నిలబడి చాలాసేపు చూశాను. నా మనసులో ఏముందో ఇప్పుడు రాయడానికి చెయ్యి రావడం లేదు. నన్ను మోయని పడవ సైదులును మోస్తుంది. ఆ ఒడ్డున వీడి చేతులు చూసి పడవవాడు ఏదో మంచి మాట అంటాడు. అది నేను పక్కన కూర్చుని వినాలి. అదీ నా మనసులో ఉన్నది. తండ్రి కోసం మొక్కుకున్నవాడి మీద నాకు అసూయ. ఒక్కణ్ణి చంపితే ఈ ఆట పట్టించుకుంటుందా అని ఒక సాకు కూడా దొరికింది. నొక్కాను. రొట్టె నీళ్లలో పడింది.

భయం వెంటనే వచ్చింది. వెనక్కి పోదామని చూశాను. ఆ ఆటకు వెనక్కి పోయే దారి ఉండదు. జరిగింది జరిగినట్టు దానంతట అదే రాసేసుకుంటుంది. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను. తీగ పీకి మళ్లీ పెట్టాను. ప్రతిసారీ వంతెన, లాంతరు, పడి ఉన్న ముసలివాడు. చివరికి అతన్ని ఈడ్చుకెళ్లి వంతెన కింది కాలువలో తోసేశాను. సైదులుకు కనబడకుండా. లాంతరు కూడా తోసేశాను. వంతెన శుభ్రమైంది. వాడు ఆపిన చోటికే మనిషిని నడిపించి, నిలబెట్టి, ఆట మూసేశాను.

మర్నాడు పొద్దున పదింటికి ఫోన్ వచ్చింది. మామ పోయాడు.

ఒక పూట, ఒక రాత్రి, ఇంకో పూట. అంతే తేడా. నేను చదువుకున్నవాణ్ణి. తలలో దెబ్బ, ఇన్ని రోజుల స్పృహలేనితనం, ఏం జరుగుతుందో డాక్టర్లు ముందే చెప్పారు. మీట నొక్కితే మనిషి పోడు. ఇదంతా నాకు తెలుసు. ఫోన్ పెట్టేశాక నేను చేసిన మొదటి పని మాత్రం నా చేతులు సబ్బుతో కడుక్కోవడం. తెలిసినవాడు అలా ఎందుకు చేస్తాడు?

పెద్దకర్మ అయ్యాక సైదులు గుండుతో కోదాడ వచ్చాడు. సంచి మూలన పెట్టి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వద్దన్నాను. ఇప్పుడెందుకు బావా, ఆయనే లేడు కదా అన్నాను. మిగిలింది కొంచెమే కదా, అయిపోగొడతానన్నాడు. వంతెన మీదికి వచ్చి, లాంతరు లేదేందని ఒక్క క్షణం ఆగాడు. ముందుకు పోయాడు. రెండు వీధులు. ఒక్కణ్ణి ముట్టలేదు. ఒడ్డు.

పడవవాడు చేతులు చూపించమన్నాడు.

ఒక్కడు, అన్నాడు. వంతెన కాపలా ముసలివాడు. ఇంట్లో అతనికి గిన్నెలో అన్నం తీసి మూతపెట్టి ఉంచారు. ఇంకా అలాగే ఉంది. ఒక్కడే కాబట్టి నిన్ను ఎక్కించుకుంటాను. కానీ అతనూ ఎక్కుతాడు.

ముసలివాడు ఎక్కాడు. తడిసిన బట్టలతో, సైదులు నడిపించే మనిషికి ఎదురుగా కూర్చున్నాడు. పడవ కదిలింది. అవతలి ఒడ్డు చేరేదాకా చూస్తూ కూర్చున్నాడు. నాకు తెలిసి అంత పొడుగు నది ఏ ఆటలోనూ లేదు. తెర నల్లబడ్డాక సైదులు కుర్చీ నా వైపు తిప్పాడు. అప్పుడు జరిగిన మాటలు నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి.

"ఎప్పుడు సంపిన బావా నేను?"

నేను మంచం మీది దుప్పటి మడత పెట్టసాగాను.

"నేను లేనప్పుడు నువ్వేమన్న ఆడినవా?"

అడిగాడు. సూటిగా, కోపం లేకుండా అడిగాడు. అవును అంటే అయిపోయేది. కొట్టేవాడేమో. తిట్టేవాడేమో. ఆ గదిలోనే ముగిసిపోయేది.

"నేనెందుకాడుత? నాది ఎప్పుడో ఖతమాయె గదా."

"మరెవరు సంపిన్రు?"

"నువ్వే పరధ్యానంల ఒత్తి ఉంటవ్. దవాఖాన్ల నిద్ర లేకుంట వచ్చి ఆడినవ్ గద. చెయ్యి జారి ఉంటది."

"నాకు యాదికి లేదు బావా."

"నిద్రమబ్బుల ఏం యాదికుంటది?"

వాడు తన చేతులు తిప్పి చూసుకున్నాడు. ఇటు, అటు. తర్వాత చాలా మెల్లగా అన్నాడు.

"మొక్కు తప్పిన. తప్పినట్టు గూడ నాకు తెల్వదు. గదే భయమైతుంది. తెల్వకుంట ఈ చేతులు ఇంకేమేం జేసినయో."

నేను వాడి భుజం మీద చెయ్యి వేశాను. ఓదార్చాను. ఆ చేత్తోనే.

నన్ను అడిగితే చంపడం చిన్న తప్పు. బొమ్మ. కుర్రతనం. ఈర్ష్య. ఏ పేరైనా పెట్టుకోండి. ఆ నాలుగు మాటలు పెద్ద తప్పు. ఒక మనిషికి తన చేతుల మీద తనకే నమ్మకం లేకుండా చేశాను.

అది ఎంతవరకు పోయిందో చెబుతాను. వాడు మళ్లీ మంద మొహం చూడలేదు. వాళ్ల అన్న ఒక్కడే చూసుకుంటున్నాడు. చదువయ్యాక హుజూర్‌నగర్‌లో ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టాడు, మంచి పనిమంతుడు, కానీ రోజూ తాళం వేశాక నాలుగుసార్లు లాగి చూస్తాడు. బండి మీద పోతూ ఆగి, ఎవరికైనా తగిలించానా అని వెనక్కి పోయి రోడ్డు చూసొస్తాడు. మా చెల్లెల్ని వాడికిచ్చినప్పుడు మా అమ్మ, పిల్లవాడు ఎంత జాగ్రత్తపరుడో అని మురిసిపోయింది. నేను అవునన్నాను. మొదటి బిడ్డ పుట్టినప్పుడు వాడు ఎత్తుకోలేదు. ముందు నువ్వెత్తుకో బావా, నీ చెయ్యి మంచిది అన్నాడు. పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకోవడం ఎటూ ఉన్నదే. మొదటి అన్నం ముద్ద కూడా నా చేతే పెట్టించాడు. ఆ పిల్ల నా వేలు చప్పరిస్తుంటే నాకు వంతెన మీద నీళ్లలో పడిన రొట్టె గుర్తొచ్చింది.

నేనూ బాగున్నానని అనుకోకండి. మఠంపల్లి దగ్గర కృష్ణ దాటాల్సి వస్తే పడవ ఎక్కను, ఎంత చుట్టయినా బస్సులో పోతాను. ఎదుటి సీట్లో ముసలివాళ్లెవరైనా కూర్చుంటే లేచి నిలబడతాను. మర్యాదస్తుడు అనుకుంటారు.

పన్నెండు రోజుల కింద సైదులు మిల్లుకు వచ్చాడు. ధాన్యం లారీల మధ్య నిలబడి, చెల్లెలి బీపీ సంగతి చెప్పి, చేతులు పట్టుకున్నాడు. నేను మొక్కితే ఏమైతదో నీకు ఎరికే గదా, నీ చెల్లె కోసం నువ్వు మొక్కు, అప్పట్ల నేను మొక్కినట్టే మొక్కు అన్నాడు. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్లీ రాదు. నోరు తెరిచాను. సరే అని వచ్చింది.

మొక్కాను. కాన్పు అయ్యేదాకా నా చేతుల మీద ఒక్క ప్రాణం పోకూడదు. అయ్యాక కందూరు. నమ్మకం లేదనేవాణ్ణి ఈ పన్నెండు రోజులు ఎలా బతికానో చెబితే నవ్వుతారు. నేల చూసుకుంటూ నడిచాను. నీళ్ల బకెట్లో చీమ పడితే వేలు పెట్టి తీశాను. మిల్లు గోదాములో బియ్యానికి పురుగు పట్టింది, మందు పెట్టించాల్సినవాణ్ణి నేనే. రేపు, ఎల్లుండి అని దాటవేస్తున్నాను. మేనేజరు నా వంక అనుమానంగా చూస్తున్నాడు. కోదాడ గదిలో సైదులు గోడ చాటున ఊపిరి బిగబట్టి కూర్చోవడం ఎంత కష్టమో నాకు ఇప్పటికి తెలిసింది. చంపకుండా ఉండటం చప్పగా ఉంటుందని అనుకున్నానే, అది చప్పగా ఉండదు. క్షణక్షణం భయంగా ఉంటుంది.

ఇందాక, మధ్యాహ్నం, ఇదే బల్ల మీద నేనూ సైదులూ కూర్చున్నాం. డాక్టరమ్మ చూద్దాం అని వెళ్లిపోయింది. నా మెడ మీద ఏదో చురుక్కుమంది. చెయ్యి లేచింది. నేను లేపలేదు, అదే లేచింది. చప్పుడైంది. తీసి చూస్తే అరచేతిలో దోమ, చుక్క నెత్తురు.

నెత్తురు నాదేనా, అప్పటికే లోపల చెల్లెల్ని కుట్టి వచ్చిందా, అలాంటి ఆలోచనలు. పదకొండేళ్ల కింద వాడితో నేనన్న అబద్ధం, చెయ్యి జారి ఉంటది అన్న ఆ అబద్ధం, ఇవాళ నా చేతికి నిజమై వచ్చింది. పక్కకు చూడాలంటే భయం. చూశాను. సైదులు నా అరచేతినే చూస్తున్నాడు. వాడి మొహంలో రంగు లేదు. వాడి భార్య, వాడి బిడ్డ, వాడు నమ్ముకున్న ఒక్క చెయ్యి.

జేబులోంచి రుమాలు తీశాడు. నా అరచెయ్యి తుడిచాడు. వేళ్ల మధ్య కూడా తుడిచాడు.

"నేను సూడలే బావా," అన్నాడు. "నువ్వు సంపలే. దానంతట అదే సచ్చిపోయింది."

రుమాలు మడిచి, రేపటికి కావలసినవన్నీ కొని, వస్తూ చాయ్ తెస్తానని లేచి పోయాడు.

అదే నేను చేయనిది. వాడు నన్ను అడిగిన రోజున, వాడి చేతుల్ని నేను అలా తుడిచి ఉండవచ్చు. నిజం చెప్పక్కర్లేదు, కనీసం నువ్వు చంపలేదు అని ఒక్క మాట అని ఉండవచ్చు. ఆట తప్పు చూపిస్తోంది, అందులోనే ఏదో లోపం అన్నా వాడు నమ్మేవాడు. ఆట నా చేతులు చూసి నన్ను వద్దన్నప్పుడు, ఎవరు నువ్వు నాకు చెప్పడానికి అని ఎగిరిపడ్డాను. అది నన్ను నరికిన తలల లెక్కలో పట్టుకుంది. నేను అంతకన్నా హీనమని దానికి తెలియదు. తెలిసే దారి ఏ ఆటలోనూ ఉండదు.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో చెప్పి ముగిస్తాను. రేపు పొద్దున చెల్లెలికి ఏదైనా జరిగితే నేను ఇక ఎప్పటికీ చెప్పలేను. అప్పుడు చెబితే సైదులు వాళ్ల నాన్న చావునూ, చెల్లెలి చావునూ నా మీద వేస్తాడు, వేయడం న్యాయమే అనిపిస్తుంది. ఏమీ జరగకపోతే, తల్లీ బిడ్డా క్షేమంగా బయటికొస్తే, అందరూ నవ్వుతుంటే, ఇప్పుడెందుకులే అనుకుంటాను. నన్ను నేను ఎరుగుదును. రెండు దారులూ దాక్కునే దారులే. కాబట్టి ఏమవుతుందో తెలియని ఈ ఒక్క సాయంత్రమే నాకు ఉంది.

క్షమించమని అడగడం లేదు. మిమ్మల్ని అడిగి లాభం లేదు, వాణ్ణి అడిగే మొహం లేదు. చెబితే వాడి చేతులు వాడికి తిరిగొస్తాయేమో. నాకు బావ, చెల్లెలి ఇల్లు, నా వేలు పట్టుకునే ఆ పిల్ల పోవచ్చు. భయంగానే ఉంది. కానీ ఇంతవరకు రాశాక ఊపిరి మాత్రం కడుపు దాకా దిగుతోంది. చాలా ఏళ్లయింది అలా దిగి.

వరండా చివర సైదులు కనబడుతున్నాడు. రెండు చేతుల్లో రెండు చాయ్ కప్పులు, ఒలకకుండా, నేల చూసుకుంటూ, చీమల్ని దాటుకుంటూ వస్తున్నాడు. మొక్కు నాదైనా వాడూ అలాగే నడుస్తున్నాడు. ఈ కాగితాలు నా ఒళ్లో ఉన్నాయి. బోర్లించడానికి చెయ్యి పోయింది. వెనక్కి తీసుకున్నాను. పై కాగితం తీసి, వాడికి కనబడేలా పెద్ద అక్షరాలతో ఒక్క ముక్క రాసి బల్ల మీద వాడు కూర్చునే చోట పెడుతున్నాను.

వంతెన మీద ముసలివాణ్ణి చంపింది నేను, సైదులూ. నువ్వు కాదు.